ఉమ్మేది, మింగేది

“సబ్బు వద్దంటే వద్దు! ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. వేడినీళ్ళతో కడుగు, పొడిగుడ్డతో తుడువు. అంతే.”

“వేలిముద్రల కోసమని పోలీసులు చల్లిన పొడి వేడినీళ్ళకి పోతుందా అక్కా? వేళ్ళకి పట్టి వదలట్లేదు. అయినా ఇప్పుడు వీటిల్లో తాగి మార్కులేసేదెవరట? బావగారు ఆస్పత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉంటే!”

“ఎవరూ వెయ్యకపోయినా సరే. ఈ ఇంట్లో గాజుగ్లాసుకి సబ్బు తగలకూడదు.”

“మీ చాదస్తం మీదే గానీ, నా చేతులు చూశారా ఎలా ఉన్నాయో!”

“నీ చేతులు రెండురోజుల్లో బాగుపడతాయి. గ్లాసుకి పట్టిన వాసన పోదు.”

డిటెక్టివ్ పెరటి గుమ్మంలో చెప్పులు విప్పి, తోడికోడళ్ళ మాటలు కాసేపు అక్కడే నిలబడి విన్నది. ముప్ఫయ్యేళ్ళుగా ఆమెకి అదే అలవాటు. వీధిగది చుట్టాల కోసం సర్దిపెట్టి ఉంటుంది. వంటిల్లు ఎవరి కోసమూ సర్దుకోదు. అందుకే ఏ ఇంటికి వెళ్ళినా ఆమె పెరటి దారినే వెళ్ళేది. ఇన్‌స్పెక్టర్ ఆమెకి ‘వంటింటి డిటెక్టివ్’ అని పేరు పెట్టడం కూడా అందుకే. వెక్కిరింపుగా పెట్టిన ఆ పేరుకి ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు.

ఆమెను పిలిపించింది చిన్నకోడలు. భర్తను పోలీసులు సాయంత్రం నాలుగింటికి తీసుకుపోతారని తెల్లవారుతూనే ఫోను చేసి ఏడ్చింది.

జరిగింది ఇదీ. ఇంటి పెద్దకొడుకు ఒక వైన్ పత్రికలో విమర్శకుడు. ఊరూవాడా ఆయనను మార్కుల మాస్టారు అంటారు. నెలకొకసారి పత్రికలో ఆయన నూటికి వేసే మార్కుల కోసం వ్యాపారులు పరీక్ష రాసిన పిల్లల్లా కాచుకుని కూచుంటారు. తొంభై దాటితే ఆ సరుకు వారం తిరక్కుండా కొట్లలో దొరకదు. ఎనభైకి దిగితే గోదాములో దుమ్ము పట్టాల్సిందే. మాస్టారు డెబ్భై ఒకటి వేశాడని ద్రాక్షతోట అమ్ముకున్నవాడు కూడా ఉన్నాడు. నిన్న పదకొండింటికి, ఎప్పటిలాగే, ఇంట్లోని రుచిగదిలో పత్రిక ఎడిటర్ ఎదురుగా కూర్చుని ఆరు గ్లాసులు వరసగా రుచి చూస్తూ, ఆరోదాని దగ్గర తల బల్లమీద వాల్చేశాడు. నిద్రమందు మోతాదు మించి ఒంట్లోకి వెళ్ళిందన్నారు డాక్టర్లు. అసలే గుండె జబ్బు మనిషి. ఇంకా తెలివి రాలేదు.

సీసాలకి గుడ్డసంచులు తొడిగి, అంకెలు కట్టి, గ్లాసుల్లోకి వంచేది ఆయన తమ్ముడు. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఇంకేం కావాలి? ఆరు సీసాలూ బల్లమీది ఆరు గ్లాసులూ సీలు వేసి పట్టుకుపోయాడు. ఇక మిగిలింది వంచిన చెయ్యి. దాన్ని ఇవాళ పట్టుకుపోతానన్నాడు.

“ఏమ్మా, గ్లాసులు ఎవరి కోసం ఇంత పవిత్రంగా కడిగిస్తున్నారు?” అన్నది డిటెక్టివ్ లోపలికి వస్తూ.

పెద్దకోడలు ఉలిక్కిపడింది. తోడికోడలి చేతిలోని గ్లాసును లాక్కుని అలమరలో బోర్లించి, “అలవాటండీ,” అన్నది. భర్త ఆస్పత్రిలో ఉన్న మనిషి ముఖంలో దిగులు ఉండటం సహజమే. కానీ ఈవిడ ముఖంలో దిగులుతోపాటు దాపరికం కూడా ఉంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంది.

తమ్ముడు సామానుగదిలో ఒక స్టూలు మీద కూర్చుని, ఖాళీ గుడ్డసంచిని మడతపెట్టి విప్పుతున్నాడు, మళ్ళీ మడతపెడుతున్నాడు. నలభయ్యేళ్ళ మనిషి. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“సీసాలు ఎప్పుడు విప్పావు నాయనా?”

“పదింటికండీ. కాస్త గాలి తగలాలి కదా.”

“గ్లాసుల్లోకి ఎప్పుడు వంచావు?”

“పదకొండుకి అయిదు నిమిషాల ముందు. ఎడిటర్‌గారు అప్పటికే గదిలో కూర్చుని ఉన్నారు. ఆయన పదిన్నరకే వచ్చేశారు. ఏదో రాసుకోవాలన్నారు.”

“మరి పది నుంచి పదకొండు దాకా నువ్వెక్కడున్నావు?”

సంచి మడతపెట్టే చెయ్యి ఆగిపోయింది.

“ఇంట్లోనే.”

“ఇంట్లో ఎక్కడ?”

“ఇంట్లోనే అన్నాను కదండీ.”

“ఇదే మాట ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పావా?”

“చెప్పాను.”

“అతను నమ్మాడా?”

డిటెక్టివ్ పక్కనున్న సంచుల మూట మీద కూలబడి, నొప్పి పెడుతున్న మోకాలు రాసుకున్నది. “చూడు బాబూ, దొంగలు సమాధానాలు సిద్ధం చేసుకుని కూర్చుంటారు. వంటింట్లో అంటారు, స్నానాలగది అంటారు, ఏదో ఒకటి నోటికొచ్చింది చెప్తారు. నువ్వు అబద్ధం కూడా చెప్పట్లేదు. అంటే ఎవరినో దాస్తున్నావు.”

“ఎవర్నీ దాయట్లేదు. నన్ను తీసుకుపోతే తీసుకుపోనివ్వండి.”

“నీ పెళ్ళాం తెల్లవారుతూనే నాకు ఫోను చేసి ఏడ్చిందయ్యా!”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోరు మాత్రం విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని భయపడేవాళ్ళ మౌనం అలాగే ఉంటుంది.

రుచిగదిలో పెద్దగా ఏమీ లేదు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, రంగు తేడా తెలియడానికి తెల్లసున్నం వేసిన గోడలు, ఎదురుగా కిటికీ. గుడ్డమీద ఆరు గ్లాసుల తడి వలయాలు ఎండి గులాబీరంగు సున్నాల్లా మిగిలాయి. కుర్చీ పక్కన ఉమ్మే బకెట్టు. ప్రతి గుక్కా నోట్లో తిప్పి అందులోకి ఉమ్మేయాలి, ఈ వృత్తిలో అదే నియమం. వైన్ మింగితే ఆరో గ్లాసు దగ్గరికి నాలుక మొద్దుబారుతుందట. డిటెక్టివ్ బకెట్టు మీదికి వంగి చూసింది. ఎర్రటి నీళ్ళు బాగానే ఉన్నాయి.

‘ఉమ్మేసినవాడికి ఇంత మందు ఎలా ఎక్కింది?’

బల్ల మధ్యలో గాజు జగ్గు ఉంది, సగం నీళ్ళతో. దాని పక్కన రెండు నీళ్ళగ్లాసులు. ఒకదాని అంచున పెదవి మరక ఉంది. రెండోది బోర్లించినది బోర్లించినట్టే ఉంది, పొడిగా.

ఆమె తమ్ముణ్ణి గుమ్మంలోకి పిలిచింది. “ఈ నీళ్ళు దేనికి?”

“గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికండీ. వదిన పదింటికి నింపి పెడుతుంది.”

“అవి కూడా ఉమ్మేస్తారా?”

“నీళ్ళెందుకు ఉమ్ముతారు? తాగేస్తారు.”

“ఈ రెండో గ్లాసు?”

“ఎడిటర్‌గారిది. నెలనెలా అన్నయ్యతో కలిసి ఆయనా తాగుతారు. నిన్న గొంతు బాగాలేదని సీసాతో వేడినీళ్ళు తెచ్చుకున్నారు.”

డిటెక్టివ్ కొంగుతో పట్టుకుని జగ్గు ఎత్తబోయేంతలో వీధిలో జీపు ఆగింది. నాలుగు కావడానికి ఇంకా గంట ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వాళ్ళు లోపలికి వచ్చేలోగా మీ అమ్మగారితో ఒక్క మాట,” అని ఆమె పక్కగదిలోకి నడిచింది.

అత్తగారు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి. పలచటి ముఖం, పొడుగాటి ముక్కు. డిటెక్టివ్ అడుగు లోపల పెట్టకముందే, “మోకాళ్ళ నొప్పులకి నూనె రాశావు కదూ అమ్మాయ్? అది పనిచెయ్యదు. డబ్బు దండగ,” అన్నారు.

“నిన్న ఆ గదిలో ఏం జరిగిందో మీకేమైనా...”

“ఆ పాడునీళ్ళ సంగతి నన్నడక్కు. నేను ముట్టను. ఆ గదిలోకే పోను.”

చేతులు కడుక్కుంటానని డిటెక్టివ్ గదిలోని వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళింది. కుళాయి కింద, నీళ్ళు దిగే రంధ్రం చుట్టూ, ఊదారంగు మరక వలయంలా పట్టి ఉంది. ఒకరోజులో పట్టే మరక కాదది. ఏళ్ళ తరబడి ఊరిన రంగు.

“ఇదేంటమ్మా?”

“దగ్గుమందు. చేదుగా ఉంటే కక్కేశాను.”

“ఎన్నేళ్ళనుంచీ దగ్గు?”

పెద్దావిడ ఆమెను తేరిపార చూశారు. “నువ్వు చెడ్డదానివి,” అన్నారు మెచ్చుకోలుగా.

ఇన్‌స్పెక్టర్ హాల్లో నిలబడి అప్పటికే చేతిలో బేడీలు ఆడిస్తున్నాడు. వెనక ఒక కానిస్టేబుల్. పెద్దకోడలు చేతిలో ఫోను ఉంది. స్పీకరులోంచి ఎడిటర్ గొంతు వినిపిస్తోంది.

“...బాధాకరమేనండీ, నేనొప్పుకుంటాను. కానీ ప్రత్యేక సంచిక రేపు అచ్చుకి పోవాలి. మాస్టారి స్థానంలో నేనే మార్కులేస్తాను. ఆ సీసాలు ఇప్పించమని ఇన్‌స్పెక్టర్‌గారికి కాస్త చెప్పండి.”

“సీలు వేసినవి ఇవ్వడం కుదరదండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గట్టిగా.

“పర్లేదు. పత్రిక కవరు మీద ప్రకటన ఇచ్చే కంపెనీవాళ్ళు తమ సీసాతోపాటు మిగతా అయిదూ మళ్ళీ పంపుతామన్నారు.”

“అబ్బో! పాలకి పిల్లి కాపలా అన్నమాట,” అని గొణిగింది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ఆమెవైపు తిరిగాడు. “ఓహో, వంటింటి డిటెక్టివ్‌గారు! పప్పు ఉడికిందా?”

“మీ పప్పు ఇంకా పొయ్యి ఎక్కలేదు ఇన్‌స్పెక్టర్‌గారూ. ల్యాబు రిపోర్టు రాకుండా మనిషిని ఎలా పట్టుకుపోతారు?”

“రిపోర్టు రేపొస్తుంది. ఈలోగా మనిషి పారిపోతే మీరు తెచ్చిస్తారా? వంచింది ఇతను. పదినుంచి పదకొండు దాకా ఎక్కడున్నాడో చెప్పనిదీ ఇతనే.”

“వైన్ ఉమ్మేస్తారు బాబూ. గుక్కెడు నోట్లో తిప్పి ఉమ్మేసినవాడు ఆస్పత్రి పాలవుతాడా?”

“పొరపాటున మింగాడేమో.”

“ఇరవయ్యేళ్ళ అలవాటండీ. ఊపిరి మర్చిపోతాడు గానీ ఉమ్మడం మర్చిపోడు. మీరు ఉమ్మేసినవన్నీ సీలు వేసి పట్టుకుపోయారు. మింగింది ఇక్కడే వదిలేశారు.”

“మింగిందా? ఏం మింగాడు?”

“నీళ్ళు.”

ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. “నీళ్ళా! వైన్ కేసులో నీళ్ళు పట్టుకొచ్చారా మేడం?”

“రండి చూపిస్తాను,” అని ఆమె రుచిగది వైపు తిరిగింది. గుమ్మంలోంచే బల్ల కనిపించింది. పెదవి మరక ఉన్న గ్లాసు ఉంది. బోర్లించిన గ్లాసు ఉంది. జగ్గు లేదు.

వెనక్కి తిరిగి చూసేసరికి చిన్నకోడలు వంటింట్లోంచి వస్తోంది, ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో గ్లాసుడు నీళ్ళు.

“అత్తయ్యా, మూడింటి మాత్ర వేసుకోండి. ఈ గొడవలో మర్చిపోయాను. కుళాయి నీళ్ళు మసగ్గా వస్తుంటే...”

“ఆగు!” అని అరవబోయింది డిటెక్టివ్.

అప్పటికే అత్తగారు గది గుమ్మంలోకి వచ్చి గ్లాసు అందుకున్నారు. అందుకున్న చెయ్యి తాగడానికి లేవలేదు. మణికట్టు మెల్లగా గుండ్రంగా తిరిగింది. గ్లాసులో నీళ్ళు అంచుదాకా లేచి, ఒక్క చుక్కైనా బయటపడకుండా, సుడి తిరిగాయి. పొడుగాటి ముక్కు గ్లాసులోకి వంగింది. కళ్ళు మూసుకున్నారు.

వైన్ ముట్టని మనిషి మాత్రకిచ్చిన నీళ్ళను అలా తిప్పి వాసన చూడదు. ఆ వృత్తిలో తలపండినవాళ్ళ చెయ్యి మాత్రమే, ఏ గ్లాసు దొరికినా, తనకి తెలియకుండానే తిరుగుతుంది.

“ఈ నీళ్ళు ఎక్కడివే?” అన్నారు అత్తగారు.

“రుచిగదిలో జగ్గువి. పారబొయ్యడమెందుకని...”

“ముందు తీపి తగులుతోంది. వెనకాల చేదు. పిల్లలకిచ్చే జ్వరంమందు లాంటి వాసన.” ఆమె గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేశారు. “ఇందులో మందు కలిపారు.”

ముందుగా తేరుకున్నది తమ్ముడు. “అమ్మా, వద్దు,” అన్నాడు. “లోపలికి పోమ్మా.”

“ఇంకా లోపలికేం పోతాను రా! పది నుంచి పదకొండు దాకా నువ్వెక్కడున్నావో చెప్పకుండా జైలుకి పోతావా, వెధవా!”

పెద్దకోడలు ఫోను హాల్లో బల్లమీద పడేసి, పరుగున వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. “అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. నోరు తెరవకండి.”

“నోరే కదా తెరిచి ఇన్నేళ్ళూ మిమ్మల్ని పోషించాను.” ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు. “రాసుకోండి. మా ఆయన ద్రాక్షతోటలో పనిచేసేవాడు. పీపా చెడిందో లేదో నా ముక్కుతో చెప్పించుకునేవాడు. ఆయన పోయాక ఆ పత్రికకి మార్కులేస్తానని వెళ్ళాను. ఆడదాని మార్కులు ఎవడు చదువుతాడు అన్నాడు అప్పటి ఎడిటర్. అందుకని పెద్దాడి పేరు పెట్టాం. ప్రతినెలా చిన్నాడు పదింటికి ఆ సీసాలు నా గదికి తెచ్చి వంచుతాడు. నేను చూసి మార్కులు చెప్తాను. పెద్దాడు అవి బట్టీపట్టి, పదకొండింటికి ఎడిటర్ ముందు కూర్చుని అప్పజెప్తాడు. నిన్న పదకొండుకి అయిదు నిమిషాల ముందు దాకా చిన్నాడు నా ఎదురుగానే ఉన్నాడు.”

చిన్నకోడలు నోటిమీద చెయ్యి పెట్టుకుని మొగుడివైపు చూసింది. నాలుగేళ్ళ కాపురంలో ఆమెకీ ఈ ముక్క తెలియదు.

ఇన్‌స్పెక్టర్ గట్టుమీది గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. “కొడుకు కోసం తల్లి ఏమైనా చెప్తుంది. నీళ్ళలో వాసనట! నాకేం రాలేదే!”

“మీకు రాకపోవడం సాక్ష్యమా?” అన్నది డిటెక్టివ్. “పరీక్ష పెట్టండి. వంటింట్లోకి మీరొక్కరే వెళ్ళండి. నాలుగు గ్లాసులు నింపండి. ఒకదాంట్లో అక్కడున్న జగ్గు నీళ్ళు ఒక్క చెంచాడు కలపండి. ఏది ఎందులోనో మాకెవరికీ చెప్పకండి.”

కాదంటే చేతకాక కాదన్నట్టుంటుంది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళాడు. తిరిగి వచ్చి నాలుగు గ్లాసులు కిటికీ గట్టుమీద తనే వరసగా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెద్దావిడ ఏదీ నోటికి తగిలించలేదు. ఒక్కొక్కటే తిప్పి, వాసన చూసి, పెట్టేశారు. “రెండోది. నాలుగోది ఫ్రిజ్‌లోంచి తీశావు, పక్కన కోసిన ఉల్లిపాయ ఉంది. మూడోది సబ్బు పోయేలా కడగని గ్లాసు. చిన్నదానా, నువ్వు మళ్ళీ సబ్బు వాడావు.”

“రెండోదే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత బేడీలు జేబులో పెట్టుకున్నాడు. కానిస్టేబుల్‌ని పిలిచి జగ్గు సీలు వెయ్యమన్నాడు.

“పదింటికి వదిన నింపిన జగ్గు,” అన్నది డిటెక్టివ్ నెమ్మదిగా. “పదిన్నర నుంచి ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నది ఒక్కరే. నెలనెలా ఆ నీళ్ళే తాగి, నిన్న మాత్రం సొంతనీళ్ళు తెచ్చుకున్నదీ ఆ ఒక్కరే. అమ్మా, ఆ కవరు ప్రకటన కంపెనీవాళ్ళ సీసాకి నిన్న ఎంత వేశారు?”

“ఏది ఎవరిదో నాకు తెలీదు. సంచులుంటాయి కదా.”

“నాకు తెలుసు,” అన్నాడు తమ్ముడు. “అది అయిదో నంబరు. అమ్మ అరవై ఎనిమిది వేసింది. పోయిన నెల నమూనాకీ అంతే. తొంభై పైన పడకపోతే ప్రకటన పోతుందని ఎడిటర్‌గారు అన్నయ్యని వారంనుంచీ బతిమాలుతున్నారు. అన్నయ్య ఎలా మారుస్తాడు? అమ్మని అడిగే ధైర్యం లేదు, తనకా రుచి తెలీదు.”

“మాస్టారు పడుకుంటే మార్కులు ఎడిటర్‌వే,” అన్నది డిటెక్టివ్. “చంపాలని కాకపోవచ్చు. రెండురోజులు నిద్రపోతే చాలనుకుని ఉంటాడు. గుండె సంగతి అతనికి తెలియదు.”

“ఇదంతా మీరు బయట చెప్తారు,” అన్నది పెద్దకోడలు. “రేపు ఆయన కళ్ళు తెరుస్తారు. ఇరవయ్యేళ్ళు మార్కుల మాస్టారని దణ్ణాలు పెట్టినవాళ్ళంతా మొహంమీద నవ్వుతారు. మీకు ఇద్దరు కొడుకులు అత్తయ్యా. ఒకణ్ణి కాపాడటానికి ఇంకొకణ్ణి వీధిలో నిలబెడతారా?”

అత్తగారు లోపలికి నడిచి, మంచం కోడు పట్టుకుని కూర్చున్నారు.

“పేరు పోయినవాడు ఇంట్లోనే ఉంటాడే. జైలుకి పోయినవాడు ఉండడు.”

డిటెక్టివ్ ఆ ఇద్దరి ముఖాలు చూడలేక హాల్లోని బల్లవైపు చూపు తిప్పుకున్నది. అక్కడ పెద్దకోడలు ఫోను బోర్లాపడి ఉంది. దాని అంచు చుట్టూ సన్నటి వెలుగు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి తిప్పి చూసింది.

ఎడిటర్ పేరు. దాని కింద నిమిషాలు ఇంకా నడుస్తున్నాయి.

ఆమె చెయ్యి మీటను తాకేలోగానే అవతలినుంచి కాల్ ఆగిపోయింది.

“అంతా విన్నాడు,” అన్నది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ఒక్క ఉదుటున వీధి గుమ్మం వైపు నడుస్తూ, “ఆఫీసుకి మనిషిని పంపుతాను, ఇంటికి కూడా. రిపోర్టు వచ్చేదాకా అతణ్ణి ప్రశ్నించగలను గానీ పట్టి ఉంచలేను. మేడం, ఈవిడని ఇవాళే ఇంకెక్కడికైనా మార్చండి,” అన్నాడు. ‘వంటింటి’ అన్న మాట ఈసారి రాలేదు.

“అవునమ్మా,” అన్నది డిటెక్టివ్. “ఇప్పటిదాకా అతనికి అడ్డు మీ పెద్దబ్బాయి అనుకున్నాడు. అసలు ముక్కు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. మా ఇంటికి రండి. ఇంకో మాట లేదు.”

కొడుకూ కోడళ్ళూ మంచం చుట్టూ చేరారు. పెద్దావిడ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశారు. గొంతు పెంచలేదు. రేపటి కూర సంగతి చెప్తున్నంత మామూలుగా చెప్పారు.

“నేనెక్కడికీ పోను. రేపు పదకొండింటికి ఆ కుర్చీలో నేను కూర్చుంటాను, తలుపులు తీసి. చిన్నాడు వంచుతాడు. ఎడిటర్ లేకపోతే పత్రిక యజమానిని రమ్మనండి. మార్కుల కింద నా పేరు వెయ్యాలి, లేకపోతే మార్కులు లేవు. పెద్దాడికి తెలివి రాగానే మీరెవరూ ఏమీ చెప్పకండి. వాడికి నేనే చెప్పుకుంటాను.”